అమ్మ గురువారాలు

ఇంటి నుంచి
సోమవారం

అక్కా,

నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టను. నీకేమైనా అయితే ఈపాటికి అమ్మ శోకాలు పెట్టేది. అమ్మ ఏడవడం లేదు, తిట్టడం లేదు, అసలు గొంతే పెంచడం లేదు. అందుకే రాస్తున్నాను.

మనింట్లో ఏదో జరుగుతోంది. నాకు తప్ప అందరికీ తెలుసు.

మొన్న పొద్దున పాలు విరిగాయి. "అమ్మా, పాలు విరిగిపోయాయే" అన్నాను. అమ్మ చేతిలో పని ఆపేసింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నా కళ్లలోకి చూసి, "నీకు అలా అనిపించడంలో తప్పేం లేదమ్మా" అంది.

"అనిపించడం ఏంటే? విరిగాయి! గిన్నెలోకి చూడు!"

తలూపింది. "నేను వింటున్నాను" అంది.

వినేదేముంది అక్కా, పాలు!

నాన్న ఇంకా ఘోరం. శుక్రవారం కుట్టుషాపులో ఓనరమ్మ అందరి ముందు నా చేత ఓ జాకెట్టు కుట్లన్నీ విప్పించింది. ఇంటికొచ్చి తలుపు విసిరికొట్టాను. ఆ విసురుకి గోడ మీది గడియారం కింద పడింది. ఇదివరకైతే నాన్న వీధి వీధంతా బయటికొచ్చేలా అరిచేవాడు కదా. ఈసారి గడియారం ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, "నడుస్తూనే ఉందిలే" అని, మళ్లీ తగిలించి వెళ్లిపోయాడు. బస్ డిపోలో టైర్లతో కూడా పోట్లాడే మనిషి! చచ్చేవాళ్ల దగ్గర మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు నాతో.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. అమ్మ పనిచేసే హోటల్ లాండ్రీ సూపర్‌వైజరు ప్యాంటు పొడుగు తగ్గించుకోడానికి షాపుకొచ్చాడు. నేను కొలత తీస్తుంటే, "మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉంది? ప్రతి గురువారం ఒంటిపూట సెలవు పెడుతోంది" అన్నాడు. మరి అమ్మ నాతో ఏం చెబుతోందో తెలుసా? గురువారాలు దుప్పట్లు ఎక్కువ వస్తాయట, అందుకే ఆలస్యమట.

నీకేమైనా తెలిస్తే చెప్పు. తెలియదని రాస్తే నమ్ముతానని మాటివ్వలేను. నీ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు కూడా నేను కళ్లతో చూడలేదు. నువ్వు చెబితే విన్నానంతే.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు ఊపిరి వదిలినా నాకు విసుక్కున్నట్టే వినిపిస్తుంది. కాగితం మీదైతే ఊపిరి ఉండదు.

నీ చిటపట


ల్యాబ్ క్వార్టర్స్, నాలుగో నంబరు గది
శనివారం

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఇంట్లో మనుషులు ఒక్కసారిగా మారిపోతే ఎవరికైనా భయమేస్తుంది. నీకు అలా అనిపించడంలో తప్పేం లేదు. ముఖ్యంగా షాపులో అంత అవమానం జరిగిన రోజున ఇంటికొస్తే, ఇంట్లో కూడా ఏదీ మామూలుగా లేకపోవడం నిన్ను చాలా కలవరపెట్టి ఉంటుంది.

అమ్మ సంగతి నాకు ప్రత్యేకంగా తెలియదు. వయసు మీద పడుతోంది. రోజంతా ఆవిరి యంత్రాల దగ్గర నిలబడి నిలబడి అలిసిపోయి ఉంటుంది. మోకాళ్లకి ఏదైనా వైద్యం చేయించుకుంటోందేమో. మనం కంగారు పడతామని చెప్పి ఉండదు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. పైపుల్లో నీళ్లు రంగు మారాయని మూడు పేటల నుంచి ఫిర్యాదులొచ్చాయి. రోజుకి అరవై సీసాలు వస్తున్నాయి. ఒక్కోదాని మీద చీటీ అంటించడం, పరీక్ష చెయ్యడం, రీడింగు రాయడం. నా పక్క బల్ల ఆవిడ సెలవులో ఉంది కాబట్టి ఆవిడ సీసాలు కూడా నావే.

నువ్వు వేళకి తిను. కోపం వచ్చినప్పుడు చల్లటి నీళ్లతో మొహం కడుక్కుంటే కాస్త తేలికవుతుంది. నువ్వు ఎంత కష్టపడుతున్నావో నాకు అర్థమవుతోంది.

ప్రేమతో,
అక్క


షాపు నుంచి, సాయంత్రం
గురువారం

అక్కగారికి,

నువ్వు "ప్రియమైన చెల్లికి" అన్నావు కాబట్టి నేనూ మర్యాద ఇస్తున్నాను.

పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను చిటపట తప్ప ఇంకో మాటతో పిలవలేదు. నన్ను ఏడిపించినా అదే పేరు, ముద్దు చేసినా అదే పేరు. ఇప్పుడు ఎవరు వద్దన్నారు? ఎందుకంటున్నానంటే అమ్మ కూడా మానేసింది. నాన్న నిన్న "చిట..." అని ఆగిపోయి, నాలిక కరుచుకుని, "అమ్మాయ్" అన్నాడు. అమ్మాయట! నేనేదో అద్దెకి దిగినట్టు.

ఇంకోటి. "నీకు అలా అనిపించడంలో తప్పేం లేదు." ఇది అమ్మ మాట, పొల్లు పోకుండా. నువ్వు ఒక ఊళ్లో, అమ్మ ఇంకో ఊళ్లో ఉండి ఇద్దరి నోటా ఒకే వాక్యం ఎలా వచ్చింది? ఎవరో ఇద్దరికీ ఒకే కొలతకి కుట్టి ఇచ్చారు. నేను టైలర్ని అక్కా. ఒకే కటింగైతే దూరం నుంచి చూసి చెప్పగలను.

సరే, నేనేం చేశానో చెప్తాను. నీకు కోపం వస్తే రానీ.

అమ్మ పరుపు కింద నోటుబుక్కు దొరికింది. రాయడం రాని అమ్మకి నోటుబుక్కెందుకా అని తెరిచాను. అన్నీ నీలం పెన్సిల్‌తో వేసిన బొమ్మలు. ఒక పేజీలో పెద్ద నోరు, దాని మీద అడ్డగీత. ఒక పేజీలో రెండు చెవులు. ఇంకో పేజీలో ఇల్లు, గుమ్మం. గుమ్మంలోంచి బయటికి బాణం, బాణం చివర ఒక ఆడమనిషి ఒంటరిగా. చివరి పేజీలో పన్నెండు నిలువు గీతలు. ఎనిమిది కొట్టేసి ఉన్నాయి.

ఇవాళ షాపులో తలనొప్పని చెప్పి అమ్మ వెనకాలే వెళ్లాను. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లింది. మోకాళ్ల విభాగానికి కాదు. వెనక భవనం, రెండో అంతస్తు. ఆ అంతస్తులో కిటికీలకి వలలుంటాయి. మనసు బాగోలేనివాళ్లని ఉంచే వార్డది. మెట్ల దగ్గర నిలబడ్డాను. లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది. "మా చిన్నదండీ" అని మొదలుపెట్టి ఏదో చెప్పింది, ఎవరో నవ్వారు. నేను తిరిగొచ్చేశాను.

కాబట్టి నాకంతా తెలిసిపోయింది. ఇవాళ్టితో తొమ్మిది, ఇంకా మూడు గీతలున్నాయి. అవి అయిపోయాక నన్ను గుమ్మం దాటించి ఆ వలల కిటికీల వెనక పెడతారు. అంతవరకూ మెత్తగా మాట్లాడమని ఎవరో చెప్పారు. నీకూ చెప్పారు. సంతకం పెట్టే చదువుకున్న మనిషి ఒకరు కావాలిగా మరి.

నాన్నని అడగను, అమ్మని అడగను. ఓనరమ్మ చెల్లెలికి వేరే ఊళ్లో కుట్టుషాపుంది. కాజాలు కుట్టే మనిషి కావాలట, పడుకోడానికి షాపు పైన గదిస్తారట. వస్తానని చెప్పాను. పన్నెండో గీత కొట్టే రోజుకి నేనిక్కడ ఉండను. ఆ ఊరి పేరు నీకు చెప్పను.

చెల్లి


నాలుగో నంబరు గది
ఆదివారం

చిటపటా,

ఈ ఉత్తరం చేరేలోపు ఎక్కడికీ వెళ్లకు. కూర్చుని చదువు.

అబద్ధమాడాను. నాకు తెలుసు. అమ్మని అక్కడికి పంపింది నేనే.

అది నిన్ను చేర్పించే చోటు కాదు. అక్కడ రోగులెవరూ కూర్చోరు. మనసు తొందరగా నొచ్చుకునేవాళ్లు, ఒక్క మాటకి ఒళ్లంతా మంట పుట్టేవాళ్లు కొందరుంటారు కదా, వాళ్ల ఇళ్లల్లోవాళ్లకి పాఠాలు. అమ్మలకి, నాన్నలకి, మొగుళ్లకి, అక్కలకి. ఎలా మాట్లాడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, మనకే కోపం వస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ. చెప్పేది రిటైరైన ఒక నర్సమ్మ. ఆవిడ కొడుకూ నీలాంటివాడేనట. ఆ గది ఖాళీగా ఉంటుందని ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. కిటికీలకి వలలున్న సంగతి నాకు తెలియదు. తెలిస్తే వేరే చోటు చూసేదాన్ని.

పన్నెండు గీతలంటే పన్నెండు పాఠాలు. గుమ్మం బయట ఉన్న ఆడమనిషి నువ్వు కాదు, అమ్మ. అరవాలనిపించినప్పుడు గుమ్మం బయటికెళ్లి, ఊపిరి పీల్చుకుని, లోపలికి రావాలని నర్సమ్మ చెప్పింది. అక్కడిచ్చే కాగితాలు అమ్మ చదవలేదు. అడగడానికి సిగ్గు. అందుకే బొమ్మలు వేసుకుంది. వాక్యాలు బట్టీ పట్టింది. మొత్తం మూడే పట్టుకోగలిగింది, ఆ మూడే అన్నిటికీ వాడుతోంది. పాలకి కూడా.

చిటపట అని పిలవొద్దని కూడా అక్కడే చెప్పారు. మనిషిని కోపంతో గుర్తుపట్టే పేర్లు మానెయ్యమన్నారు. ఇక్కడ మా ఊళ్లో కూడా అలాంటి పాఠాలున్నాయి. నేను ప్రతి శనివారం వెళ్తున్నాను. నీకు రాసిన పోయిన ఉత్తరం అక్కడ నేర్చుకున్నట్టే రాశాను. రాశాక చదువుకుంటే నాకే వెగటు పుట్టింది, అయినా పోస్టు చేశాను.

నీకు చెప్పొద్దని అమ్మానాన్నలతో అన్నది కూడా నేనే. పోయినేడాది మొదట్లో ఆసుపత్రి అన్న మాట ఎత్తినందుకే నువ్వు బాత్రూమ్‌లో నాలుగు గంటలు గడియ పెట్టుకున్నావు. మళ్లీ ఆ మాట నీ చెవిన పడకూడదని అనుకున్నాను. తప్పు చేశాను. అమ్మ మీద కోపం పెట్టుకోకు. ఉంటే నా మీద పెట్టుకో.

నేను దగ్గరుంటే ఇంత దూరం రానిచ్చేదాన్ని కాదు. పోస్టింగు నా చేతిలో లేకపోయింది.

వెళ్లొద్దు.

అక్క


ఇంటి నుంచి
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. చదివి ముందు అరిచాను. తరవాత అమ్మ ముందు నోటుబుక్కు పడేసి, "ఇదేంటి?" అన్నాను.

అమ్మ మొహం చూడాల్సింది. దొంగతనం చేసి దొరికిపోయిన దానిలా పైటతో కప్పేసుకుంది. "నా బొమ్మలు బాలేవు, చూడకు" అంది. అక్కా, అంత భయంలోనూ అమ్మకి బొమ్మలు బాలేవనే బెంగ!

"నన్ను అక్కడ చేరుస్తారా?" అన్నాను.

"నిన్ను చేర్చుకునేవాళ్లెవరే? నన్ను చేర్చుకున్నదే ఎక్కువ. ఏ పాఠమూ బుర్రకెక్కడం లేదు. నర్సమ్మ వారం వారం నన్నే అడుగుతుంది" అంది.

"నా గురించి చెబితే ఎందుకు నవ్వారు?"

"పాల సంగతి చెప్పాను. నా తెలివికి నవ్వారు. నీకు కాదు."

పూర్తిగా నమ్మలేదు. కాగితాలు తీసుకురమ్మన్నాను. చీరల మధ్య దాచిన పది కాగితాలు తెచ్చింది. నిన్న పదో పాఠం అయింది. నేను బల్ల దగ్గర కూర్చుని ఒక్కోటీ పైకి చదివాను, అమ్మ వింది. ఎలాంటి చోద్యమో చూడు. నన్నెలా సముదాయించాలో నేనే మా అమ్మకి చదివి వినిపించాను. నాలుగో కాగితం దగ్గర అమ్మ, "ఆగాగు, ఇలా ఉందా? నేను తిరగేసి చేస్తున్నానే!" అంది. మొదట ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినాలట, తరవాత ఆ మాట అనాలట. అమ్మ మొదటే అనేసి ఆ తరవాత వింటోంది.

నాన్న గుమ్మంలో నిలబడి, "నాక్కూడా రెండోది ఇంకోసారి చదువు" అన్నాడు.

కాబట్టి ఆసుపత్రి సంగతి నమ్ముతున్నాను. కానీ పదో కాగితం దగ్గర ఆగిపోయాను. దాన్లో ఇలా ఉంది. మనసు నొచ్చుకున్న మనిషి ఏది చెప్పినా, ఎంత పెంచి చెప్పినా, అందులో ఒక నిజం ఉంటుంది. ఆ నిజాన్ని వెతికి, అవునని ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా ఎన్ని మెత్తటి మాటలు చెప్పినా అవి ఎదుటివాళ్లకి ఎక్కవు.

అక్కా, నేను ఏడాదిగా ఒకే మాట అంటున్నాను. నువ్వు నన్ను వదిలించుకుని వెళ్లావని. నువ్వు ప్రతిసారీ పోస్టింగనే అన్నావు. మొన్నటి ఉత్తరంలో అన్నీ ఒప్పుకుని కూడా చివర్లో మళ్లీ అదే అన్నావు. అన్ని పేజీల నిజం రాశాక ఆ ఒక్క లైను మాత్రం ఎవరో వెనకనుంచి తోసినట్టుంది.

నీ ఆఫీసు నిన్ను పంపిందా? నువ్వు అడిగి వెళ్లావా?

ఓనరమ్మ చెల్లెలు ఇంకో పది రోజుల్లో మనిషి కావాలంటోంది. నా సంచీ సర్దే ఉంది. అమ్మ గురించి కాదు, నాన్న గురించి కాదు. నీ జవాబు గురించి ఆగాను. మెత్తగా రాయకు.

చిటపట


నాలుగో నంబరు గది
మంగళవారం

చిటపటా,

నేనే అడిగాను.

నాన్న బాత్రూమ్ తలుపు పగలగొట్టింది శనివారం. నువ్వు చేతికి టవలు చుట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నావు. నన్ను చూసి, "నువ్వొస్తావని తెలుసు" అన్నావు. సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లి దరఖాస్తు నేనే టైపు చేశాను. ఎంత దూరమైనా సరే, ఎంత చిన్న ల్యాబైనా సరే అని రాశాను. కారణం అన్నచోట "కుటుంబ పరిస్థితులు" అని పెట్టాను. పై ఆఫీసర్ రెండుసార్లు అడిగాడు, ఎవరూ వెళ్లని చోటు, ఆలోచించుకోమని. ఆలోచించుకున్నానని చెప్పాను. ఆర్డరు నీకు చూపించకపోవడానికి కారణం, దాని మీద "సొంత కోరికపై" అని ఉంది.

ఎందుకంటే నాకు నువ్వంటే భయమేసింది. నీకు ఏమైనా అవుతుందని భయం. అదొక్కటే కాదు, నీ ఎదుట పడాలన్నా భయం. సాయంత్రం మన వీధి మలుపు దగ్గర ఆగి ఆగి వచ్చేదాన్ని. ఇవాళ ఏ మాట తప్పు మాట్లాడతానో అని.

మనింట్లో మొదట చదువుకున్నది నేను. కరెంటు బిల్లొచ్చినా, బడి నుంచి కాగితమొచ్చినా, డాక్టరు చీటీ అయినా "పెద్దదాన్ని పిలవండి" అనేవాళ్లు. నాకు గర్వంగానే ఉండేది. నువ్వు ఏడిస్తే కూడా అలాగే పిలిచేవాళ్లు. అదీ నేను చదివి చెప్పాల్సిన కాగితమే అన్నట్టు. నాకు చదవడం రాలేదు. రాదని ఒప్పుకోడానికి సిగ్గేసింది. పారిపోవడం తేలికైంది.

పాఠాలకి ఎందుకు వెళ్తున్నానో కూడా చెప్తాను. అక్కడ నీ గురించి మాట్లాడితే అందరూ నన్ను మంచి అక్క అంటారు. పదకొండు శనివారాలు అనిపించుకున్నాను. దరఖాస్తు సంగతి వాళ్లెవరికీ చెప్పలేదు.

మెత్తగా రాయొద్దన్నావు. ఇంతకన్నా గట్టిగా రాయడం నాకు చేతకాదు. నువ్వు అనుమానించింది నిజం. ఏడాదిపాటు నిజాన్ని పట్టుకుని నువ్వు అరుస్తుంటే, నీకు అలా అనిపిస్తోంది అంతే అన్నాను.

వెళ్లొద్దని అడిగే హక్కు నాకు లేదు. వెళ్తే మాత్రం అడ్రసు అమ్మకివ్వు. నాకివ్వకపోయినా ఫరవాలేదు.

అక్క


ఇంటి నుంచి
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చదివి, చించి, అతికించి, మళ్లీ చదివాను.

తరవాత అరిచాను. ఎంతంటే ఎదురింటి పిల్లలు గోడెక్కి చూశారు. నువ్వు చచ్చినా నీ మొహం చూడనన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాస్తే పోస్టులో కాలిపోతాయి. అమ్మ వచ్చి కూర్చుంది. నేను ఆ వాక్యం కోసం కాచుకుని ఉన్నాను. ఆ మాట అంటే నోటుబుక్కు పొయ్యిలో పెట్టేద్దామనుకున్నా.

అమ్మ, "ఏం రాసింది?" అంది. పైకి చదివి వినిపించాను. మొత్తం. దరఖాస్తు సంగతి అమ్మకీ తెలియదని అప్పుడే తెలిసింది. వింటూ వింటూ లేచి నిలబడింది.

"నాతో కూడా ఆర్డరనే చెప్పిందే! నేను దాని పెట్టె సర్దుతూ ఏడుస్తుంటే పక్కనే నిలబడి మడతలు పెట్టిందే!" అని నాకన్నా గట్టిగా అరిచింది. పదకొండు పాఠాలూ ఎటు పోయాయో. నాన్న పరిగెత్తుకొచ్చి ఎవర్ని ఓదార్చాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు. "రెండో కాగితంలో ఇద్దరు అరిస్తే ఏం చెయ్యాలో లేదే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఏడుపు ఆగకుండానే వచ్చింది.

అమ్మ పైటతో మొహం తుడుచుకుని, "నాకూ వెళ్లిపోవాలనిపించేది కొన్నాళ్లు. నాకు దరఖాస్తు రాయడం రాదు కాబట్టి ఉన్నాను" అంది. అలా నా మొహం మీదే అంది, అక్కా. నొప్పి పెట్టింది. కానీ ఇన్నాళ్లకి ఇంట్లో ఎవరో మాట్లాడినట్టు అనిపించింది.

ఓనరమ్మకి రానని చెప్పేశాను. నన్ను వెళ్లగొడతారేమోనని పారిపోదామనుకున్నాను. ఇప్పుడు ఆ అనుమానం లేదు. మిగిలింది కోపమే, దానికి సంచీ సర్దుకోనక్కర్లేదు. నీ ఉత్తరం రాకముందే, మొన్న గురువారం అమ్మతో పాటు వెళ్లి మెట్ల దాకా దింపాను. లోపలికి పోలేదు. పోతానో లేదో తెలియదు.

నిన్ను క్షమించలేదు. అది రాయకపోతే నేను కూడా మెత్తగా రాసినట్టవుతుంది. కానీ నీ ఉత్తరంలో ఈసారి వెనకనుంచి ఎవరూ తొయ్యలేదు. ప్రతి లైనూ నువ్వే నడిచొచ్చావు. నేను అనుకుంటున్నది పిచ్చి కాదని ఏడాది తరవాత ఒకరు ఒప్పుకున్నారు. రాత్రి నిద్ర పట్టింది.

శనివారం పొద్దున బస్సుకి అక్కడికి వస్తున్నాను. రెండు రోజులుంటాను. నేను లేకుండా నువ్వు ఉంటున్న గది ఎలా ఉందో చూడాలి. అరవొచ్చు, చెప్పలేను. నీకు భయమేస్తే భయమేస్తోందను. వెళ్లిపొమ్మనాలనిపిస్తే వెళ్లిపొమ్మను.

దరఖాస్తు మాత్రం పెట్టకు. నోటితో చెప్పు.

చెల్లి